చక్కెర మంచు

పోయిన వారం గ్రేస్‌ను మనం బోధన్ బస్టాండులో, కదలబోతున్న నిజామాబాద్ బస్సు మెట్టు మీద, చెవికి ఫోను ఆనించుకుని ఉండగా వదిలేశాం. ఆ ఫోనులో ఆమె విన్నది తమ్ముడు ఎజ్రా ముందు రోజు సాయంత్రం రికార్డు చేసి పంపిన మాట. కొండల్లో సిగ్నల్ అంతంత మాత్రం కాబట్టి అది తెల్లారాక గాని ఆమెకు చేరలేదు. "అక్కా, మంచు గురించి ఫికర్ చెయ్యకు. బాపును అడిగిన. ఏం గాదన్నడు. రేపు దాటుతున్నం."

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఎజ్రా హిమాచల్‌లో ఒక కనుమ కింద గుడారం వేసుకుని ఉన్నాడు. అతని వెంట ఉన్నది నిజామాబాద్ పసుపు వ్యాపారి రాజశేఖర్ ఒక్కగానొక్క కొడుకు అఖిలేష్. మూడు రోజులు ఎడతెగకుండా కురిసిన మంచు నిన్ననే తెరిపిచ్చింది. కనుమ మీదికి పోవాలంటే ఒక పెద్ద మంచు వాలును అడ్డంగా దాటాలి, వేరే దారి లేదు. నిజానికి అఖిలేష్‌ను ఆ దారిన నడిపించవలసింది గ్రేస్. మనాలిలో కొండలెక్కడం నేర్చుకుని, కొన్నేళ్ళు అక్కడే జనాన్ని చలికాలపు కొండల మీదికి తీసుకెళ్ళి బతికిన మనిషి ఆమె. మోకాలు దెబ్బతిని ఇంటికి చేరితే, ఒప్పుకున్న పని చెడిపోకూడదని తమ్ముడు అందుకున్నాడు. ఎజ్రా కూడా అక్కడే కోర్సు చేశాడు. కాకపోతే ఎండాకాలంలో చేశాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని గ్రేస్ ఆ మాటను మళ్ళీ మళ్ళీ విన్నది. బాపును అడగడమేమిటి? తండ్రి జీవరాజుకు మంచు గురించి ఏం తెలుసు? ఈ ప్రాంతంలో మంచు అంటే చెరుకు తోటల మీద పొద్దున పట్టి, ఎండెక్కగానే పోయే తెల్లటి పొగ. ఆయన జన్మలో చూసిన గట్టి మంచు పెళ్ళిళ్ళలో చేపల కింద పరిచే ఐసుగడ్డే. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీలో వయసంతా రసం ఉడికించి దాన తీసిన మనిషి. దాన అంటే చక్కెర గింజ. ఆ పని పోయాక రాజశేఖర్ దుకాణంలో పసుపు బస్తాలు తూచే కాంటా దగ్గర నిలబడ్డాడు. అలాంటాయన కొడుక్కి మంచు మీద సలహా ఇచ్చాడంటే అది ఏ సలహా అయి ఉంటుందోనని ఆమెకు భయమేసింది.

ఎజ్రాకు ఫోన్ చేసింది, స్విచ్ ఆఫ్. అఖిలేష్‌కు చేసింది, అదీ అంతే. బాపుకు చేస్తే తల్లి నర్సవ్వ ఎత్తి "ఫోను ఇంట్లనే మర్సిపోయిండు బిడ్డా, ఎప్పటి లెక్కనే" అన్నది. రాజశేఖర్ ఫోను మాత్రం మోగడానికి తీరిక లేనంత బిజీగా ఉంది. ఎడపల్లి దాటాక బస్సు ముందర చెరుకు ట్రాక్టరొకటి రోడ్డంతా తనదే అన్నట్టు ఊగుకుంటూ పోతోంది. డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ విసిగి ఊరుకున్నాడు. గ్రేస్‌కు దిగి కుంటుకుంటూ పరుగెత్తాలనిపించింది.

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు సీజను. ఎటు చూసినా కుప్పలు, బస్తాలు, వేలం పాటలు, మరాఠీలో బేరాలు. మనుషుల కనుబొమల మీద కూడా పచ్చటి దుమ్ము. మోకాలి పట్టీ సర్దుకుంటూ ఆ కుప్పల మధ్యనుంచి గ్రేస్ రాజశేఖర్ దుకాణం ముందుకొచ్చి ఒక్క క్షణం ఆగిపోయింది.

దుకాణం మీద ఒక ఫ్లెక్సీ. 'హిమాలయాలను జయించిన ఇందూరు ముద్దుబిడ్డ' అని దాని మీద ఉంది, నిజామాబాద్ పాత పేరుతో. నల్ల కళ్ళద్దాలతో అఖిలేష్ నిలువెత్తున ఉన్నాడు. ఎజ్రా కింద మూలన, పోస్టు స్టాంపంత. లోపల గోడకు పెద్ద టీవీ, దాని ముందు కుర్చీల వరసలు, బల్ల మీద లడ్డూ డబ్బాలు. కనుమ దాటడానికి బయలుదేరేముందు అఖిలేష్ వీడియో కాల్ చేస్తానన్నాడట, దాన్ని టీవీలో పెట్టి యార్డంతటికీ చూపిస్తారట. తెల్ల చొక్కా వేసుకున్న రాజశేఖర్ వచ్చినవాళ్ళ నమస్కారాలు అందుకుంటున్నాడు. కొడుకు ఇంకా కొండ కిందనే ఉన్నాడు గాని తండ్రి అప్పుడే ఎక్కేశాడు.

జీవరాజు కాంటా దగ్గర ఉన్నాడు. కూతుర్ని చూసి పరుగున ఎదురొచ్చాడు.

"గా కాలుతోని ఎందుకొచ్చినవ్ బిడ్డా? టీవీల సూస్తందుకా? ఫోన్ జేస్తే ఇంటికాడనే సూపిద్దుము గదా."

"బాపూ, నిన్న తమ్ముడు నిన్నేం అడిగిండు?"

ఆ ప్రశ్నకు ఆయన ముఖం వికసించింది. అంత సంతోషం ఆ ముఖంలో ఆమె చూసి చాలా కాలమైంది.

"దా, చాయ్ తాగుకుంట చెప్త" అని ఆయన ఆమెను పక్కనున్న వసంతమ్మ చాయ్ బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. వసంతమ్మ ఇద్దరికీ చాయ్ పోస్తూ ఒక చెవి ఇటే పెట్టింది.

"సేటు ఫోనుకు చేసిండు. సేటు కొడుకు మాట్లాడినంక, బాపుకు ఇయ్యండ్రి అన్నడట. మంచుల బావి తవ్విండట బిడ్డా, నడుములోతు. పైన గట్టిగ పలక లెక్క ఉన్నదంట, కాలు దిగుతలేదట. 'కింద మాత్రం దాన దాన ఉన్నది బాపూ, అచ్చం సక్కెర. పిడికిట్ల వడితే ముద్ద గడుతలేదు, వేళ్ళ నడుమ నుంచి జారిపోతున్నది. నువ్వు దాన సూశినోనివి గదా, ఏమంటవ్?' అన్నడు. నన్ను అడిగిండు సూడు! ఫ్యాక్టరీ బంద్ అయిననాటి సంది సక్కెర గురించి నన్ను ఒక్కలన్న అడిగిండ్రా?"

"నువ్వేమన్నవ్ బాపూ?"

"ఏమంట? ముద్ద గడితెనే పరేషాన్. చెమ్మ వట్టినట్టు. దాన ఇడివిడిగ జారుతున్నదంటే మంచిగ ఆరింది, పక్కా మాల్. గసొంటి సక్కెర బస్తాలు కప్పు దాకా పేర్చినా ఏం గాదు. బేఫికర్‌గ పోండ్రి అన్న."

గ్రేస్ చాయ్ కప్పును బండి మీద పెట్టేసింది.

కొండల్లో పనిచేసేవాళ్ళు ఆ మంచుకు పెట్టుకున్న పేరు కూడా అదే. చక్కెర మంచు. పొడి చలికి అడుగున గింజలు గింజలుగా విడిపోయి, ఒకదాన్నొకటి పట్టుకోని మంచు అది. బోధన్‌లో ఏ లక్షణాన్ని చూసి సరుకు బాగుందంటారో, అక్కడ అదే లక్షణాన్ని చూసి సామాను సర్దుకుని తిరుగుదారి పడతారు. ఎజ్రా సరిగ్గానే తవ్వాడు, సరిగ్గానే చూశాడు, చూసింది చూసినట్టే చెప్పాడు. అడగకూడని మనిషిని అడిగాడు, అంతే.

"బాపూ, అది మంచిది గాదు."

"ఏది?"

"దాన. గట్ల జారుడు. మంచుల అది అన్నిటికంటే పాడు లక్షణం."

జీవరాజు నవ్వాడు. చిన్నపిల్ల తెలియక అన్నప్పుడు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "నీకు కొండలు తెలుసు బిడ్డా, కాదన. దాన సంగతి నాకు చెప్పకు. ఎన్ని బస్తాలు పేర్చిన్నో నేను..."

"బస్తాల పోసినవ్ బాపూ! గోనె సంచి పట్టుకున్నది దాన్ని. అక్కడ సంచి ఏడున్నది?"

ఆ మాటకు ఆయన నవ్వు ఆగింది గాని పూర్తిగా పోలేదు. ఇక మాటలతో కాదని గ్రేస్‌కు అర్థమైంది. వసంతమ్మ బండి మీదున్న స్టీలు పళ్ళెం తీసుకుంది. చక్కెర డబ్బా వంచి పళ్ళెమంతా పరిచింది. వసంతమ్మ "అయ్యో అయ్యో" అన్నది గాని అడ్డం రాలేదు.

"అక్కా, రొట్టె ఏమన్న ఉన్నదా నీ దగ్గర? ఎండింది?"

వసంతమ్మ తన సద్దిమూట విప్పి రాత్రి చేసిన జొన్నరొట్టె ఇచ్చింది. అంచులు అప్పుడే పలకలా బిర్రబిగిశాయి. గ్రేస్ దాన్ని చక్కెర మీద మెల్లగా పరిచింది.

"ఈ పళ్ళెం కొండ బాపూ. సక్కెర తమ్ముడు చూసిన దాన. రొట్టె ఈ మూడు రోజులు కురిసి గట్టిపడ్డ కొత్త మంచు. పట్టుకో."

జీవరాజు పళ్ళెం పట్టుకున్నాడు. గ్రేస్ ఆయన చేతులనే పట్టుకుని పళ్ళేన్ని ఒక పక్కకు వంచింది. మేడ మెట్లు ఉండేంత వాలు. రొట్టె కదల్లేదు. ఆయన కూతురి వైపు చూశాడు, ఏదీ, అన్నట్టు.

"గిప్పుడు తమ్ముడు నడుస్తుండు" అని గ్రేస్ ఒక్క వేలితో రొట్టె నడుమ తట్టింది.

రొట్టె మొత్తం ఒక్కసారిగా జారింది. దాని కింద చక్కెర జరజరమని నడిచి, రెండూ కలిసి పళ్ళెం దాటి నేల మీద పడ్డాయి. అంతా అయిపోవడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

జీవరాజు ఖాళీ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత వంగి రొట్టెను ఎత్తి మళ్ళీ పళ్ళెంలో పెట్టబోయాడు, పెట్టేస్తే జరిగింది జరగనట్టయిపోతుందేమో అన్నట్టు. గ్రేస్‌కు తండ్రి మీద కోపం రాలేదు. అది వచ్చినా బాగుండేది. ఎన్నో ఏళ్ళకు ఒక కొడుకు వచ్చి తండ్రి పనిని గౌరవించి ఒక మాట అడిగితే, ఆ తండ్రి సంబరంగా జవాబు చెప్పుకున్నాడు. అందులో ఎవరిని తిట్టాలి?

"బిడ్డా" అన్నాడాయన. "ఇంకొకటి గూడ చెప్పిన."

"ఏంది?"

"రాత్రి చలికి చెమ్మ వడ్తది, పొద్దుగాల్నే తొందరవడి పోకుండ్రి, ఎండ మంచిగ వడి ఆరినంక కాలు పెట్టుండ్రి అన్న."

గ్రేస్ కళ్ళు మూసుకుంది. మంచు వాలు మీద ఎండ పడితే పైనున్న పలక మెత్తబడి బరువెక్కుతుంది, ఏదైనా కూలడానికి అదే అదను. అక్కడివాళ్ళు చీకటితో లేచి, ఎండ తగలకముందే దాటేసి కూర్చుంటారు. చక్కెర మనిషి మాత్రం ఎండబెట్టమని చెప్పాడు. చక్కెరకు చెప్పవలసిందే చెప్పాడు పాపం.

అంతలో ఆమె కళ్ళు తెరిచింది. ఎండ కోసం ఆగమంటే, వాళ్ళు ఇంకా బయలుదేరి ఉండరు. ఆ వాలు పడమటి వైపుకు తిరిగి ఉంది, పొద్దు బాగా పైకొస్తే గాని దాని మీద ఎండ పడదు. తండ్రి చేసిన రెండో తప్పు మొదటి తప్పుకు కొంచెం గడువిచ్చింది.

"నడువు బాపూ. సేటు దగ్గరికి."

రాజశేఖర్ మాక్లూర్ దగ్గరి రైతు కుటుంబంలో పుట్టి, తన చేనులో పండిన పసుపు తనే అమ్ముకుంటూ, తర్వాత నలుగురిదీ అమ్మి పైకొచ్చినవాడు. చెడ్డవాడు కాదు. ఎదుటివాళ్ళ ముందు చిన్నబోవడం మాత్రం ఆయన వల్ల కాదు. గ్రేస్ చెప్పిందంతా నిలబడే విన్నాడు, మధ్యలో ఇద్దరికి లడ్డూలు కూడా ఇప్పించాడు.

"అయితే ఏమంటవ్ గ్రేసమ్మా? దాటద్దంటవా?"

"వద్దు అంకుల్. కాల్ రాంగనే మీరే చెప్పాలె. గుడారం కాడికి తిరిగి పొమ్మనుండ్రి. నాలుగు రోజులాగి చూడచ్చు, లేకుంటే దిగి రావచ్చు. కొండ యాడికి పోదు."

"కొండ యాడికి పోదు, నా ఇజ్జత్ పోతది" అని రాజశేఖర్ గొంతు తగ్గించాడు. "సూడు, నీకు చెప్తే ఏంది. మావోడు ఇప్పటిదాంక ఏ పనీ నెత్తికెత్తుకుని ఒడ్డుకు చేర్చలే. చదువు నడుమలనే. దుకాణం పెట్టిస్తే నడుమలనే. గిదొక్కటి పట్టుబట్టి పోయిండు. వాళ్ళ అమ్మ పుష్పలత పొద్దటి సంది దేవునికాడికెల్లి లేవలే. ఇప్పుడు గంతమంది ముందర నేనే వాపస్ రమ్మని చెప్పాల్నా?"

"బతికుంటే ఇంకోటి పట్టుబడతడు అంకుల్."

"నీ కాలు ఖరాబై నువ్వు పోలేకపోయినవ్, నీ మనసు నాకు ఎర్కైంది తల్లీ. తమ్ముడు దాటితే నీకంటే పెద్దోడైతడనా?"

ఆ మాట గ్రేస్‌కు చెంపదెబ్బలా తగిలింది. నిజం చెప్పాలంటే, అలాంటి ఈర్ష్య ఆమెలో బొత్తిగా లేదని కూడా అనలేం. మంచం మీద పడుకుని తమ్ముడు పంపే ఫోటోలు చూసుకున్న రోజుల్లో అది ఎప్పుడో ఒకసారి పొడిచే ఉంటుంది.

"అయినా పొమ్మన్నది నేనా?" రాజశేఖర్ ఈసారి అందరికీ వినబడేలా అన్నాడు. "నిన్న మీ బాపే చెప్పిండు గదా, ఏం గాదు పోండ్రి అని. అడుగు."

జీవరాజు అప్పటిదాకా తలుపు దగ్గర, కాంటా పనివాడు ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడ్డాడు. ఇప్పుడు రెండడుగులు ముందుకొచ్చాడు.

"నేనే చెప్పిన సేటు. కాదంటలే. కానీ పోరడు నాకు మొదలు చెప్పిన మాట వేరే. 'బాపూ, నాకు మంచిగనిపిస్తలేదు, తిరిగొస్తమనుకుంటున్న' అన్నడు. నువ్వు నా ఎదురుంగ కూసున్నవ్. స్పీకర్ ఆన్ ఉన్నది. నీ మొకం సూశిన నేను."

జీవరాజు ఇంకో అడుగు ముందుకేశాడు.

"నువ్వు నోరు తెరిచి ఏం అనలే. నేనే భయపడ్డ. సేటు కొడుకును నా కొడుకు నడుమలకెళ్ళి వాపస్ తీస్కొచ్చిండంటే ఈ దుకాణంల నేనెట్ల నిలవడుదు అనుకున్న. వాడు దాన గురించి అడగంగనే సందు దొరికినట్టైంది నాకు. దాన మంచిగున్నది పో అన్న. మంచిగున్నదనే అనుకున్న, నిజమే. కానీ మంచిగుండాలెనని కూడ అనుకున్న."

ఇది ఆయన గ్రేస్‌కు చాయ్ బండి దగ్గర చెప్పలేదు. ఎజ్రాకు కొండ చెప్పింది అర్థమైందన్నమాట. తిరిగి వచ్చేద్దామనుకున్నాడు. ఇంటినుంచి ఒక్క మాట సాయం కోసం ఫోన్ చేస్తే, ఇల్లు వాణ్ణి మళ్ళీ కొండ మీదికే తోసింది. ఇప్పుడామెకు కోపం వచ్చింది. తండ్రి మీద, సేటు మీద, బయట గాలికి ఊగుతున్న ఫ్లెక్సీ మీద, ఊరంతటి మీద. అది చూపించే వ్యవధి మాత్రం దొరకలేదు.

టీవీ మోగింది.

రాజశేఖర్ చేతిలోని ఫోను వెలగగానే గోడ మీద అఖిలేష్ ముఖం ప్రత్యక్షమైంది. పెదాల నిండా తెల్లటి క్రీము, నెత్తిన పసుపుపచ్చ టోపీ. కుర్చీల్లోంచి చప్పట్లు, ఈలలు. ఎవరో జై కొట్టారు కూడా.

"డాడీ! కనవడుతున్ననా? ఎండ పడ్డది డాడీ! మస్తున్నది ఇక్కడ!"

రాజశేఖర్ నోరు తెరిచాడు. కొడుకు ముఖం చూశాడు, చప్పట్లు కొడుతున్న జనాన్ని చూశాడు, గ్రేస్‌ను చూశాడు. ఇన్నేళ్ళలో ఆ దుకాణంలో ఎన్నడూ జరగనిది అప్పుడు జరిగింది. జీవరాజు సేటు చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"అఖిలేష్ బాబూ, నేను జీవరాజును. ఎజ్రా ఏడున్నడు?"

"అంకుల్, అన్న ముందు పోతుండు. తొవ్వ జేస్తుండు నా కోసం. నేను గీ బండ మీదున్న, సిగ్నల్ గీడనే దొరుకుతది. సూపిస్త ఉండుండ్రి."

బొమ్మ గిర్రున తిరిగింది. ఆకాశం, రాయి, మళ్ళీ ఆకాశం, చివరికి ఒక తెల్లటి వాలు. టీవీ ఈ కొస నుంచి ఆ కొస దాకా అదే. దాని మీద ఎండ భగభగ మెరుస్తోంది. ఆ తెలుపులో బండకు కొంత దూరాన ఒక ఎర్రటి చుక్క మెల్లగా కదులుతోంది. ఎర్ర జాకెట్టు. అది గ్రేస్‌దే, వెళ్ళేముందు తమ్ముడికి తనే తొడిగింది.

చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. గ్రేస్ తండ్రి చేతిలోని ఫోను దగ్గరికి వంగింది.

"అఖిలేష్, నేను గ్రేస్. నువ్వు ఆ బండ దిగకు. ఒక్కడుగు కూడ వెయ్యకు. ఇనవడ్డదా? మంచు తెగేటట్టున్నది. అన్నను పిలువు, గట్టిగ."

ఫోను మళ్ళీ తన వైపు తిప్పుకున్న ఆ పిల్లవాడి ముఖంలో సంబరం ఎగిరిపోయింది. నోటి పక్కన చెయ్యి పెట్టుకోబోతుంటే రాజశేఖర్ ఉలిక్కిపడి ముందుకు దూకాడు.

"అరవకురా! అరిస్తే మంచు మీద వడ్తదంట!"

"అరుపుకు పడదు అంకుల్, అడుగుకు పడతది" అన్నది గ్రేస్. "పిలువనియ్యుండ్రి."

అఖిలేష్ ఫోనును మళ్ళీ వాలు వైపు తిప్పి పిలిచాడు. ఒకసారి, రెండోసారి. ఎర్ర చుక్క ఆగింది. ఇటు తిరిగింది. గాలి హోరులో ఏదో కేక వినిపించింది గాని మాటలు తెలియలేదు. దుకాణంలో ఇప్పుడు చప్పట్లు లేవు, వేలం పాటల గోల కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టుంది.

"ఏమంటుండు?" అన్నది గ్రేస్.

"అన్న అడుగుతుండు..." అఖిలేష్ రొప్పుతున్నాడు. "అన్న అడుగుతుండు, బాపు ఉన్నడా అక్కడ అని. బాపు ఏమంటుండు అని."

అందరూ జీవరాజు వైపు తిరిగారు. నిన్న కూడా ఇదే దుకాణం, ఇదే ఫోను, ఇదే ప్రశ్న. ఆయన నుదుట చెమట పట్టింది. అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు, బుగ్గ మీద పసుపు అంటుకుంది.

"నాకు తెల్వదని చెప్పు బాబూ" అన్నాడు. "సక్కెర తెలుసు, మంచు తెల్వది. తెలిసినట్టు చెప్పిన నిన్న. తప్పు చెప్పిన. అక్క మాట ఇనుమను."

అంత పొడుగు మాటను కొండ మీద అరవడం కుదరదు. అఖిలేష్ దాన్ని కత్తిరించి అరిచాడు. "బాపుకు తెల్వదంట! అక్క మాట ఇనుమంటుండు!"

ఆ కేక కొండకు తగిలి మళ్ళీ వినబడింది. బాపుకు తెల్వదంట. జీవరాజు తల దించుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మీద గ్రేస్‌కు కలిగినంత ప్రేమ అంతకుముందెన్నడూ కలగలేదు.

"వెనక్కి రమ్మను" అన్నదామె. "సంచి నడుము పట్టీ విప్పుకొమ్మను, మంచు జారితే సంచి వదిలెయ్యచ్చు. వచ్చిన అడుగుల్లనే అడుగు వెయ్యాలె, కొత్త అడుగు ఒక్కటి వద్దు. ఉరకద్దు. బరువుగ దుంకద్దు. నువ్వు మాత్రం వాని మీదికెళ్ళి కన్ను తియ్యకు."

మాట మాటకూ ఆగి అఖిలేష్ అరిచాడు. ఎర్ర చుక్క నడుము దగ్గర చేతులు కదిలాయి. మెల్లగా పూర్తిగా ఇటు తిరిగింది. ఒక అడుగు. ఆగింది. ఇంకొక అడుగు.

రాజశేఖర్ కుర్చీలో కూలబడ్డాడు. "రాండ్రి బిడ్డా, ఇద్దరు రాండ్రి" అన్నాడు, ఫోనుకు వినబడనంత చిన్నగా. "ఏం దాటద్దు. దిగి రాండ్రి." తర్వాత లేచి అదే మాట గట్టిగా అన్నాడు, యార్డంతా వినేలా. తనకు చిన్నతనమవుతుందేమోనని ఈసారి ఎవరి వైపూ చూడలేదు.

గ్రేస్ మోకాలి నొప్పి మరిచి టీవీ దగ్గరికి నడిచింది. తమ్ముడి అడుగులు లెక్కపెట్టాలని కాదు, కొండను చూడాలని. వాడు ఎక్కడున్నాడు, పైన ఎంత మంచుంది, ఏ వైపు మెత్తబడింది, అంతా చూడాలి. మనుషుల్ని కొండ మీదికి తీసుకెళ్ళిన నాటినుంచి ఆమె కళ్ళు ముందు పైకే పోతాయి.

ఎజ్రాకు చాలా పైన, తెల్లటి వాలుకు అడ్డంగా, సన్నటి నల్లని గీత ఒకటి కనిపించింది.

టీవీ అద్దం మీద వెంట్రుక ఏదైనా పడిందేమోనని ఆమె చున్నీ కొసతో తుడిచింది. గీత పోలేదు. పొడుగైంది.